కర్నూల్లో గ్రామఫోను కంపెనీల ప్రదర్శన: ప్లేట్లు ఎట్ల పెట్టాలి, ఎట్ల చూడాలి

#1 హంద్రీ_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్తే. ఫిబ్రవరి రెండో వారంలో ఐదు రోజులు ప్రదర్శన. విషయం: పెద్ద కంపెనీ (గ్రామఫోన్ కంపెనీ, అంటే మన జనం హెచ్‌ఎంవి అనేది) నీడలో బతికిన చిన్న గ్రామఫోను కంపెనీలు. హాలు కొండారెడ్డి బురుజుకు నడిచేంత దూరం. మేడ మీద, ఏసీ లేదు, పడమటి వైపు మూడు కిటికీలు ఉన్నాయి. ఆరు గాజుపెట్టెలు, నూటపది ప్లేట్లు (గ్రామఫోను రికార్డులు), కీ ఇచ్చే గ్రామఫోన్లు రెండు, వినడానికి హెడ్‌ఫోన్లు నాలుగు.

పెట్టెల వరస ఇది: తొలినాళ్లు, ఓడియన్ (జర్మన్ కంపెనీ), 1930ల చిన్న కంపెనీలు, నాటకం సెట్లూ పద్యాలూ, ప్లేటు తయారీ, క్యాసెట్టు కాలం.

మొదటి పెట్టె బోర్డుకు రాసుకున్న వాక్యం: "మన దేశంలో తొలి రికార్డు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది. దాన్ని దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చువేశారు." తప్పులుంటే ఇప్పుడే చెప్పండప్పా, ఫ్లెక్సీ అచ్చుకు పోయినాక చెప్పి లాభం లేదు. లైట్ల గురించి, రోజూ సాయంత్రం గ్రామఫోను వాయించడం గురించి కూడా మాట కావాలి.

#2 ముల్లు_మార్చు (అనంతపురం)

రెండు వాక్యాల్లో రెండు తప్పులు.

గ్రామఫోన్ కంపెనీ పంపిన రికార్డింగు ఇంజనీరు గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్‌ను రికార్డు చేసింది 1902 నవంబరు 11న. దానికి మూడు రోజుల ముందే, 8వ తేదీన, క్లాసిక్ థియేటర్ నాట్యగత్తెలు శశిముఖి, ఫణిబాలల పాటలు రికార్డయ్యాయి. అంతకన్నా ముందు, 1899లో, లండన్‌లోనే కొందరు భారతీయుల గొంతులు పట్టారు. కాబట్టి "తొలి రికార్డు" అనొద్దు. "మన దేశంలో జరిగిన మొదటి విడత రికార్డింగుల్లో పేరు మోసిన గొంతు" అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇక దమ్‌దమ్. ఆ ఫ్యాక్టరీ 1928 నాటిది. అంతకు ముందు 1908లో కలకత్తాలోనే సీల్దాలో ఒకటి పెట్టారు. 1902 నాటికి ఈ రెండూ లేవు. మైనపు పలకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ పోయి, అక్కడ ప్లేట్లయి, మళ్లీ ఓడెక్కి వచ్చాయి. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పడానికి కారణం కూడా అదే అంటారు: హానోవర్‌లో పని చేసేవాళ్లకు ఏ పలక ఎవరిదో తెలియాలి కదా. ఈ ఒక్క ముక్క బోర్డు మీద పెడితే చాలు, హెడ్‌ఫోనులో ఆ చివరి మాట వినగానే చూసేవాళ్లకు ఓడ ప్రయాణమంతా అర్థమవుతుంది.

మొదటి పెట్టెలో ఒకవైపే పాట ఉన్న ప్లేటు ఉంటే వెనక్కి తిప్పి పెట్టండి. కుక్కబొమ్మ రాకముందు గుర్తు వేరే: ఈకతో ప్లేటు మీద రాస్తున్న దేవదూత. ఆ బొమ్మ పాట లేని వీపు మీద అచ్చయి ఉంటుంది. చాలా ప్రదర్శనల్లో లేబులు కనబడాలని వీపును గుడ్డలోకి దించేస్తారు, చూడాల్సింది కాస్తా దాగిపోతుంది.

#3 రాతిగని (కడప)

ఐదో పెట్టెకు ఒక ఐడియా. ప్లేటంటే అందరూ లక్క అనుకుంటారు. లక్క దాదాపు నాలుగో వంతు, మిగతాది ఎక్కువ భాగం రాతిపొడే. పలకరాయి పొడి, సున్నపురాయి పొడి, ముగ్గురాయి (బెరైటీస్), నలుపుకు మసి, పట్టుకు పత్తి నూగు. ఒక్కో కంపెనీది ఒక్కో పాళ్లు. లక్క ఎట్లాగూ మన దేశపుదే, ఛోటానాగపూర్ అడవుల్లో లక్క పురుగు పెట్టేది. మన మంగంపేట ముగ్గురాయి గుప్పెడు, లక్క బిళ్లలు గుప్పెడు, పత్తి కొంచెం, మసి కొంచెం నాలుగు గిన్నెల్లో పెడితే పిల్లలు కదలరు. "మన కడప రాయితో చేసిన ప్లేట్లు" అని బోర్డు పెట్టొచ్చు.

#4 ముల్లు_మార్చు (అనంతపురం)

గిన్నెలు పెట్టండి, ఆ బోర్డు మాత్రం వద్దు. ప్లేట్ల పాళ్లలో ముగ్గురాయి వాడిన మాట నిజం, మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి ఉన్న మాటా నిజం. రెండు నిజాలు పక్కపక్కన పెడితే మూడో నిజం పుట్టదు. కలకత్తాకు మంగంపేట రాయి పోయిందని చూపే కాగితం చేతికొస్తే అప్పుడు రాయండి. "ముగ్గురాయి, మన మంగంపేటలో దొరికేలాంటిది" అంటే సరిపోతుంది.

#5 రాతిగని (కడప)

ఒప్పుకున్నా. "దొరికేలాంటిది" అని రాయిస్తా.

#6 సీల్దా_లోకల్ (ప్రొద్దుటూరు)

రాతిపొడి ఎందుకు కలిపారో కూడా రాయండి. చవకని మాత్రమే కాదు. గ్రామఫోను ఉక్కు ముల్లును ఆ పొడి అరగదీస్తుంది. మొదటి కొన్ని చుట్లలోనే ముల్లు మొన గాడి ఆకారానికి అరిగి కుదురుకుంటుంది. ఆ కుదిరిన ముల్లు ప్లేటు చివరికొచ్చేసరికి ఉలిలాగా పదునెక్కుతుంది. దాన్ని రెండో ప్లేటు మీద పెడితే గాడి గోడలను చెక్కేస్తుంది. అందుకే ముళ్ల డబ్బాల మీద ఒక ముల్లుకు ఒక వైపే అని రాసి ఉండేది. మన ఇళ్లలో ఒకే ముల్లుతో పది ప్లేట్లు వాయించిన ఫలితమే ఇప్పుడు కనిపించే బూడిదరంగు గాళ్లు. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిద రంగుంటే ఆ ప్లేటు గొంతు పోయినట్టే.

మూడో పెట్టె విషయం. "చిన్న కంపెనీ", "స్వతంత్ర కంపెనీ" అని రాసేటప్పుడు ఒక తేడా చూపించకపోతే ప్రదర్శనకే అర్థం లేదు. ప్లేటు వెనక నాలుగు పనులుంటాయి: ఎవరితో ఏం పాడించాలో తేల్చడం, రికార్డింగు, అచ్చు, అమ్మకం. మెగాఫోన్, హిందుస్థాన్ రెండూ 1932లో కలకత్తాలో మొదలైనవి. గాయకులను, పాటలను ఎంచుకున్నది వాళ్లే, లేబులు వాళ్లదే. ప్లేటు మాత్రం పెద్ద కంపెనీ వాళ్ల దమ్‌దమ్‌లోనే అచ్చయింది. పోటీదారుడి ప్రెస్సులోనే తన సరుకు. బొంబాయి యంగ్ ఇండియా అట్లా కాదు. ఆ లేబులును 1935లో మొదలుపెట్టిన నేషనల్ గ్రామఫోన్ రికార్డ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ సొంతంగా అచ్చువేసుకుంది. 1950ల మధ్యదాకా నడిచింది. పేరున్న గాయకులు పెద్ద కంపెనీల ఒప్పందాల్లో ఉండటంతో వీళ్లు కొత్తవాళ్లతో, ఔత్సాహికులతో పాడించారు. సొంత ప్రెస్సుంది, పేరున్న గొంతుల్లేవు. అవతల గొంతులున్నాయి, ప్రెస్సు లేదు. మూడో పెట్టెలో ఈ రెండు రకాలనూ ఎదురెదురుగా పెట్టండి, అక్షరక్రమంలో కాదు.

రెండో పెట్టెలోనూ ఇదే చూడాలి. ఓడియన్ మన దేశంలో రెండు విడతలు: 1912–16, మళ్లీ 1932–38. మొదటి విడత ప్లేట్లు జర్మనీలో అచ్చయి వచ్చేవి, మొదటి ప్రపంచ యుద్ధంతో దారి మూసుకుపోయింది. రెండో విడతలో మద్రాసులో సరుకు అమ్మింది సరస్వతీ స్టోర్స్. దాని భాగస్వాముల్లో ఒకరు ఏ.వి.మెయ్యప్పన్, తర్వాత ఏవీఎం స్టూడియో పెట్టినాయన. మన జనానికి ఆ పేరు చెప్తే చాలు, గుంపు ఆ పెట్టె దగ్గరే ఆగుతుంది.

#7 గుత్తి_కోట (గుత్తి)

వరస గురించి ఒక మాట. 2021లో మాంచెస్టర్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ మీద ప్రదర్శన పెట్టారు. 1978లో పుట్టిన కంపెనీ అది. వాళ్ల గొప్పేమిటంటే ప్లేట్లకే కాదు, ప్రతి వస్తువుకీ కేటలాగు నంబరు ఇచ్చేవాళ్లు. 1వ నంబరు ప్లేటు కాదు, పోస్టరు. 51 ఒక నైట్‌క్లబ్బు. 191 ఆ క్లబ్బులో పిల్లి. 73 ఫ్లాపీ డిస్కులాగా కత్తిరించిన కవరులో వచ్చిన పన్నెండంగుళాల ప్లేటు, 1983ది. మ్యూజియం వాళ్లు మొదటి యాభై నంబర్లనే వెన్నెముకగా తీసుకుని ప్రదర్శన కట్టారు. చూసేవాడు నంబరు పట్టుకుని నడిస్తే కంపెనీ బుర్ర ఎట్లా పనిచేసిందో తెలుస్తుంది.

మన ప్లేట్లకూ అదే చేయొచ్చు, కానీ ఏ నంబరో చూసుకోవాలి. లేబులు మీద కనబడేది కేటలాగు నంబరు, అంటే విడుదల వరస. లేబులు చుట్టూ నున్నటి నల్ల పట్టీలో గీకినట్టో గుద్దినట్టో ఉండేది మ్యాట్రిక్స్ నంబరు, అంటే రికార్డు చేసిన వరస. ఒకే రోజు పాడిన రెండు పాటలు ఏడాది తేడాతో వేరే వేరే ప్లేట్ల మీద రావచ్చు. కేటలాగు నంబరు ప్రకారం పేర్చితే కంపెనీ దుకాణం కనబడుతుంది. మ్యాట్రిక్స్ ప్రకారం పేర్చితే స్టూడియో కనబడుతుంది. మూడో పెట్టెలో రెండో పద్ధతే బాగుంటుందని నా లెక్క.

#8 హంద్రీ_గట్టు (కర్నూలు)

మ్యాట్రిక్స్ నంబరు గాజు బయట నుంచి కనబడదు కదన్నా. పెట్టె పైనుంచి ట్యూబులైటు ఉండాది.

#9 గుత్తి_కోట (గుత్తి)

పైనుంచి పడే లైటులో కనబడదు. పక్కనుంచి, ప్లేటుకు పది పదిహేను డిగ్రీల వాలుగా వెలుతురు పడితే గుద్దిన అంకెల అంచులకు నీడ వస్తుంది. ఇద్దరికో టార్చి ఇవ్వండి, ఫోన్ టార్చి అయినా చాలు. ప్లేటును గాజుకు నాలుగంగుళాలకు మించని దూరంలో పెట్టండి. నంబరు ఉన్న వైపు చూసేవాడికి దగ్గరగా, అంటే ప్లేటు కింది అంచువైపు, వచ్చేట్టు తిప్పండి. అందుకోసం లేబులు తలకిందులైనా ఫర్వాలేదు.

నంబరు పక్కన ఒక బుల్లి గుర్తు కూడా వెతకాలి. హెచ్‌ఎంవి ప్లేట్లలో చిన్న త్రిభుజం ఉంటే వెస్టర్న్ ఎలక్ట్రిక్ మైకు పద్ధతి, 1925 తర్వాతది. చతురస్రం ఉంటే 1930ల్లో వచ్చిన సొంత పద్ధతి, బ్లూమ్లైన్ అనే ఇంజనీరు తయారుచేసింది. కొలంబియా ప్లేట్లలో అదే సంగతి వృత్తంలో ఇంగ్లీషు డబ్ల్యూ, వృత్తంలో సీ. ఏ గుర్తూ లేని పాత ప్లేటయితే చాలావరకు మైకు రాకముందు, కొమ్ములోకి అరిచి పాడిన కాలందే. చిన్న కంపెనీ ప్లేటు మీద పెద్ద కంపెనీ గుర్తు కనబడిందంటే ఆ రికార్డింగు పరికరం ఎవరిదో తెలిసిపోతుంది. సీల్దా_లోకల్ గారు చెప్పిన "స్వతంత్రం" ఎంతో కొలిచే కొలబద్ద లేబులు కాదు, ఈ నున్నటి పట్టీ.

#10 పెన్న_ఒడ్డు (తాడిపత్రి)

లైట్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. పడమటి కిటికీలు మూడూ మూసేయండి. పలచటి కర్టెన్ కాదు, మందపు నల్లగుడ్డ రెండు పొరలు. కాగితం లేబులు, కాగితపు కవరు మీద వెలుతురు 50 లక్సు దాటకూడదు. ఫోన్‌లో లక్స్‌మీటరు యాప్ ఉజ్జాయింపుగా చెప్తుంది, చాలు. పాత కవర్ల ఎర్రరంగు, ఊదారంగు ముందు పోతాయి.

గాజుపెట్టె లోపల ఎల్‌ఈడి పట్టీ అతికించొద్దు. పట్టీ వేడి తక్కువే, దాని అడాప్టరుది ఎక్కువ. మూసిన గాజులో రెండూ కలిసి గాలిని కాగబెడతాయి. ఫిబ్రవరి పగలు కర్నూల్లో 33, 34 ఉంటుంది, పెట్టెలో దానికి ఎనిమిది పది కలుస్తుంది. లక్క ప్లేటు ఆ వేడికి కరగదు గానీ, ఏటవాలుగా నిలబెట్టి ఉంటే తన బరువుకే నడుము వంచుతుంది. ఐదు రోజుల్లో వంగిన ప్లేటు మళ్లీ సరిగ్గా రాదు. కాబట్టి స్టాండు మీద రెండు మేకుల ఆధారంతో నిలబెట్టకండి. వీపు మొత్తానికి ఫోమ్‌బోర్డు ఆనించి, బల్లమట్టం నుంచి 20 డిగ్రీలకు మించకుండా పడుకోబెట్టండి. నడిమి చిల్లిలో మేకు గుచ్చి గోడకు వేలాడదీయడం అన్నిటికన్నా చెడ్డది. చిల్లి అంచు పగిలితే చీలిక గాళ్లలోకి పాకుతుంది.

నాఫ్తలీన్ ఉండలు పెట్టెలో వేయొద్దు. ఒక్కో పెట్టెలో ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే చిన్న డిజిటల్ మీటరు పెట్టి రోజుకు మూడుసార్లు రాసుకోండి. మనకు ఆ రోజుల్లో తేమ కన్నా దుమ్ముతోనే తంటా.

#11 లక్కబిళ్ల (కడప)

దుమ్ము అన్నారు కాబట్టి, తుడవడం. దయచేసి శానిటైజరు, స్పిరిటు, కొలోన్, అద్దాలు తుడిచే నీలం ద్రావకం ఏదీ వద్దు. లక్క స్పిరిటులో కరుగుతుంది, వడ్రంగులు పాలిష్ కలిపేది అట్లనే కదా. ఒక్క తుడుపుతో గాడి మీద పొర జిగటయిపోతుంది.

పద్ధతి ఇది. ముందు మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడి, అడ్డంగా కాదు. తర్వాత లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఫొటో ల్యాబుల్లో వాడే వెట్టింగ్ ఏజెంటు ఐదారు చుక్కలు. స్పాంజి పిండి, తడి తగిలీ తగలనట్టు. లేబులుకు ప్లాస్టిక్ మూత అడ్డం పెట్టాలి. వెంటనే మంచి నీళ్ల స్పాంజి, వెంటనే పొడి గుడ్డ. నీళ్లలో నానబెట్టొద్దు, లోపలున్న పత్తి నూగు నీరు పీల్చి ఉబ్బుతుంది. అంచు చితికిన కొలంబియా ప్లేట్లను అసలు తడపొద్దు. వాటి నడుమ వేరే పొర ఉంటుంది, చీలికలోంచి నీరు దూరితే పై పొర పొక్కులా లేస్తుంది. ఎండలో ఆరబెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే వాళ్లకు టికెట్ల బల్ల అప్పగించండి.

#12 మూడు_నిమిషాలు (అనంతపురం)

సాయంత్రం వాయించడం గురించి. గ్రామఫోను సౌండ్‌బాక్సు (ముల్లు బిగించే గుండ్రటి డబ్బా) బరువు ముల్లు మొన మీద నూరు గ్రాముల పైమాటే. ఇప్పటి టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జి (ముల్లు ఉండే ముక్క) 78 ప్లేటుకు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత ప్లేటుకు, మూడు నుంచి ఐదు గ్రాములు. కాబట్టి అరుదైన ప్లేటు ఏదీ గ్రామఫోను మీద పెట్టొద్దు. ఒకటికి నాలుగు కాపీలున్న ప్లేటు ఒకటి వేరుగా తీసి, దానికి "వాయించే ప్లేటు" అని పేరు పెట్టి, సాయంత్రం ఆరుకు ఒకసారి, ఏడుకు ఒకసారి, అంతే. ప్రతిసారీ కొత్త ముల్లు. ఐదు రోజులు, రోజుకు రెండుసార్లు, రెండు వైపులు: ఇరవై ముళ్లు. వందముళ్ల పొట్లం ఒకటి కొంటే మిగులుతాయి.

కీ పూర్తిగా బిగిసేదాకా తిప్పొద్దు, తగిలే ముందు ఆపండి. రాత్రి కీ దించి మూయండి. స్ప్రింగు డబ్బాలో గ్రీజు ఎండిపోతే వాయించేటప్పుడు దడ్ దడ్ అని కొడుతుంది, శ్రుతి కూడా ఊగుతుంది. అందులో గ్రాఫైట్ గ్రీజే వేయాలి. గవర్నరు (వేగాన్ని అదుపు చేసే భాగం) బేరింగులకు కుట్టుమిషను నూనె చుక్క, దాన్ని ఒత్తే చిన్న తోలు ముక్కకు ఇంకో చుక్క. కొబ్బరినూనె పోసిన మిషన్లు చాలా కనబడతాయి, అది కొన్నాళ్లకు జిగురై గవర్నరు తిరగదు.

ఇంకోటి. రెండు మిషన్లలో ఇత్తడి కొమ్ముది ఏదైనా ఉంటే జాగ్రత్తగా చూడండి. కొత్త ఇత్తడి కొమ్ము, ఎనిమిది పలకల చెక్కపెట్టె, మీద మెరిసే కుక్కబొమ్మ రేకు, కొమ్ము మెడ దగ్గర లావాటి వంపు గొట్టం, ఇవన్నీ కలిసి ఉంటే అది అలంకారానికి కట్టిన బొమ్మ మిషను. లోపల మోటారు ఏ పోర్టబుల్ పెట్టెలోంచో పీకింది. పాతవస్తువుల అంగళ్లలో ఎక్కువ అమ్ముడుపోయేది అదే. నల్ల గుడ్డ పెట్టె హెచ్‌ఎంవి 102 పోర్టబుల్ ఉంటే దాన్నే ముందు పెట్టండి. చూడ్డానికి సూట్‌కేసులా ఉంటుంది గానీ అది అసలుది.

#13 హంద్రీ_గట్టు (కర్నూలు)

ఇత్తడి కొమ్ముదే ముందు పెట్టాలని అనుకుంటిమి. ఫొటోకు బాగుంటుందని. లావాటి వంపు ఉండాది... ఎనిమిది పలకలు కూడా.

#14 మూడు_నిమిషాలు (అనంతపురం)

అయితే తలుపు బయట పెట్టండి, సెల్ఫీలకు. "నమూనా" అని చీటీ అంటించండి. లోపల వద్దు.

#15 రేడియో_అంగడి (నంద్యాల)

హెడ్‌ఫోన్లలో వినిపించే శబ్దం ప్లేట్ల నుంచి కంప్యూటరుకు ఎవరు ఎక్కిస్తున్నారు? మామూలు ఎల్‌పి (తర్వాత వచ్చిన వినైల్ ప్లేటు) ముల్లుతో ఎక్కిస్తే పనికిరాదు. ఎల్‌పి ముల్లు మొన వ్యాసార్ధం 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే దాదాపు 18 మైక్రాన్లు. 78 గాడికి 2.5 నుంచి 3 మిల్ కావాలి, 65–75 మైక్రాన్లు. చిన్న ముల్లు గాడి అడుగున దుమ్ములో కొట్టుకుంటూ పోతుంది, పాట గోడల మీద ఉంటే అది చెత్త వినిపిస్తుంది. అరిగిన ప్లేటుకు రెండు మూడు సైజులు మార్చి చూడాలి. పాత ముల్లు అరగదీయని ఎత్తులో ఒక సైజు కూర్చుంటే గొంతు తేటగా వస్తుంది.

ప్లేటు మోనో. స్టీరియో కార్ట్రిడ్జి అయితే కుడి ఎడమలు కలిపేయండి, పైకీ కిందికీ ఊగే రొద సగం పోతుంది. ప్రీయాంప్‌లో (టర్న్‌టేబుల్ శబ్దాన్ని పెంచే పెట్టెలో) ఉండే ఆర్‌ఐఏఏ దిద్దుబాటు, అంటే కీచు, బొంగురు పాళ్లు సరిచేసే లెక్క, 1954 తర్వాత ప్లేట్లకు. దాన్నే 78కి వాడితే పది కిలోహెర్ట్జ్ దగ్గర పదమూడు డెసిబెళ్ల పైగా కోత పడుతుంది. పాడేవాళ్లు నోటికి దుప్పటి అడ్డం పెట్టుకున్నట్టు ఉంటుంది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో దిద్దుబాటు లేకుండా ఎక్కించి, తర్వాత కంప్యూటర్లో దిద్దుకోండి. మచ్చ శబ్దాలు తీసే సాఫ్ట్‌వేరును సగం దగ్గర ఆపండి. మొత్తం తీస్తే తాళం దెబ్బలు కూడా పోతాయి. మృదంగం దెబ్బ పోయిందంటే అతిగా తుడిచారని లెక్క.

టర్న్‌టేబుల్ కింద ఒకటిన్నర అంగుళం మందం కడప బండ వేయండి, పద్దెనిమిదికి పద్నాలుగు అంగుళాలు. పదహారు పదిహేడు కిలోలు తూగుతుంది. దాని కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు. మేడ మీద హాలు అంటున్నారు, చెక్కబల్ల మీద పెడితే జనం నడిచినప్పుడల్లా ముల్లు గెంతుతుంది.

#16 పెన్న_ఒడ్డు (తాడిపత్రి)

వేగం కూడా చెప్పన్నా. అందరూ 78 దగ్గర పెట్టి వదిలేస్తారు.

#17 రేడియో_అంగడి (నంద్యాల)

అవును. 78 అనేది తర్వాత స్థిరపడిన అంకె. తొలి ఇరవై ఏళ్ల ప్లేట్లు 70 నుంచి 80 పైదాకా ఎట్ల పడితే అట్ల ఉంటాయి. వేగం ఆరు శాతం మారితే శ్రుతి ఒక స్వరస్థానం జరుగుతుంది. 73.6లో రికార్డు చేసింది 78లో వాయిస్తే రెండు శ్రుతి పాడినాయన రెండున్నరలో పాడినట్టు వినబడుతుంది, వేగంగా, కొంచెం కీచుగా. "ఆ రోజుల్లో ఎంత పై శ్రుతిలో పాడేవాళ్లో!" అని పొగిడే సగం పొగడ్తలు మోటారువి. పద్యాలకు హార్మోనియం ఉంటే దాన్ని పట్టుకుని సరిచూడొచ్చు, ఒకే నాటక బృందం ప్లేట్లలో సాధారణంగా హార్మోనియం మారదు కాబట్టి.

వేగం చూడటానికి స్ట్రోబ్ కాగితం (ప్లేటు మీద పెట్టే గీతల గుండ్రటి కాగితం): మన 50 హెర్ట్జ్ కరెంటుకు 77 గీతలున్నది 77.92 దగ్గర నిలబడినట్టు కనబడుతుంది. కానీ పాత చోకు ట్యూబులైటు కిందో నియాన్ దీపం కిందో చూడాలి. మంచి డ్రైవరున్న ఎల్‌ఈడి మినకదు, గీతలు అలికినట్టే ఉంటాయి. జనరేటరు మీద ఉన్నప్పుడు నమ్మొద్దు, దాని హెర్ట్జ్ దానిది. ఆ పరిస్థితిలో ఫోన్‌ను ప్లేటు నడుమ పెట్టి తిరుగుడు కొలిచే యాప్ వాడటం మేలు.

#18 సురభి_వీధి (కడప)

నాలుగో పెట్టె సంగతి. నాటకం సెట్టును ఒక్క ప్లేటుగా చూపిస్తే దాని సొగసు తెలియదు. పదంగుళాల ప్లేటు వైపుకు మూడు నిమిషాలు. ఆరు ప్లేట్ల సెట్టంటే పన్నెండు ముక్కలు, మొత్తం ముప్పై ఆరు నిమిషాల లోపు. స్టేజి మీద తెల్లవార్లూ ఆడే నాటకాన్ని అందులో ఇమడ్చాలి. రాగాలాపన ఎక్కడ కోశారు, ముక్క ఎక్కడ ఆపారు, అదే చూడాల్సింది. వన్స్‌మోర్‌లు లేవు కదా. హెడ్‌ఫోనులో పన్నెండు ముక్కల్నీ అతుకు తెలీకుండా కలపొద్దు. ఒక్కో ముక్కకూ నడుమ రెండు సెకన్లు ఖాళీ ఉంచండి, ప్లేటు తిప్పే చోటు చెవికి తెలియాలి. సెట్టులో మూడో ప్లేటు లేకపోతే దాని స్థలం ఖాళీగా ఉంచి "5, 6 భాగాలు లేవు" అని రాయండి. ఖాళీ కనబడకుండా జరిపి పేర్చడం మోసం.

ఈ పెట్టె దగ్గర స్థానికం రాయాలంటే రాతిగని గారిలా రాళ్ల దాకా పోనక్కర్లేదు. సురభి నాటకాలు 1885లో మొదలైంది కడప జిల్లా సురభిలో, బళ్లారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలో. ఈ రెండూ బోర్డుకు పనికొస్తాయి.

#19 రాతిగని (కడప)

రాళ్ల మీద పడ్డారు అందరూ 🙂 సరే, ప్లేట్లు తెచ్చే పని నాది. కడప నుంచి అరవై పోవాలి, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా. బస్సు డిక్కీలో వేస్తే?

#20 లక్కబిళ్ల (కడప)

డిక్కీ వద్దు. వెనక చక్రం పైన అసలు వద్దు. పదంగుళాల ప్లేటు దాదాపు రెండు వందల గ్రాములు, అరవైకి పన్నెండు కిలోలు. ఇరవై చొప్పున మూడు పెట్టెలు చేసి ముందు సీట్లలో ఒళ్లోనో పక్కనో పెట్టుకోవచ్చు. ప్లేట్లు నిలువుగా, అంచు మీద. పడుకోబెట్టి దొంతర పెడితే గుంతలో పడినప్పుడు అడుగుది విరుగుతుంది. ప్రతి ఐదు ప్లేట్లకు ఒక గట్టి అట్ట, ప్లేటు కన్నా అర అంగుళం పెద్దది. వదులు ఉండకూడదు, బిగించి కూరకూడదు. వేలు దూరి ఒక ప్లేటు సులువుగా పైకి రావాలి. చుట్టూ రెండంగుళాల థర్మోకోల్, దాన్ని ఇంకో అట్టపెట్టెలో. కారులో అయితే టీ తాగడానికి ఆగి అద్దాలు మూసి ఎండలో వదలొద్దు. ఎల్‌పిలు ఉంటే ఇంకా ప్రమాదం, అరగంటలో అప్పడమవుతాయి.

హాలుకు చేరాక వెంటనే విప్పొద్దు. తెల్లవారుజాము బస్సు అయితే రెండు గంటలు మూతతోనే ఉంచండి.

#21 గుత్తి_కోట (గుత్తి)

ఆరో పెట్టెలో క్యాసెట్లకు ఒక్క పని తప్పనిసరి. వాయించే ముందు టేపు వెనక చిన్న స్పాంజి మెత్త ఉందో లేదో చూడండి. రాగిరేకు మీద అతికించి ఉంటుంది. మన ఎండకు జిగురు ఎండి అది ఊడిపోతుంది, ఊడితే టేపు హెడ్డుకు ఆనదు, శబ్దం దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. "రికార్డింగే చెడింది" అని పారేసిన క్యాసెట్లలో చాలావాటికి ఇదే జబ్బు. ఐదు స్క్రూల డబ్బా అయితే విప్పి, వేరే ఖాళీ క్యాసెట్టు డబ్బాలోకి రెండు చుట్లూ మార్చేయొచ్చు. అతికించిన డబ్బా అయితే అంచు వెంట బ్లేడుతో తీయాలి. తెగిన టేపుకు మామూలు సెల్లోటేపు వేయొద్దు, జిగురు కారి పక్క చుట్టుకు అంటుకుంటుంది. లోపలి కాగితం, ఇన్‌లే కార్డు, మడత విప్పి పెట్టండి. చిన్న కంపెనీల చిరునామా, కేటలాగు జాబితా, ధర ఆ మడత లోపలే ఉంటాయి.

#22 వాయిదా_కాగితం (కర్నూలు)

హక్కుల సంగతి ఒకటి. మన 1957 కాపీరైటు చట్టంలో శబ్ద రికార్డుకు 60 ఏళ్లు, విడుదలైన మరుసటి జనవరి నుంచి లెక్క. 1960లో వెలువడిన ప్లేటుకు 2020 డిసెంబరు 31తో ముగిసింది. అది ప్లేటు శబ్దానికి మాత్రమే. పాట రాసినాయనకు ఆయన పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 1977లో పోయిన కవి పాట 2037 చివరిదాకా హక్కుల్లోనే ఉంటుంది, ప్లేటు ఎంత పాతదైనా సరే. హెడ్‌ఫోన్లకు ఎంచుకునే పాటల పట్టికలో ప్లేటు ఏడాది పక్కన కవి, స్వరకర్త పోయిన ఏడాదీ రాసుకోండి. క్యాసెట్ల పాటలు దాదాపు అన్నీ హక్కుల్లో ఉన్నవే, వాటిని చూపించడం వరకే, వినిపించాలంటే అనుమతి తీసుకోవాలి. నెట్‌లో పెట్టే పాటలకు కూడా ఇదే లెక్క.

#23 హంద్రీ_గట్టు (కర్నూలు)

అందరికీ దండాలు. మారినవి ఇవి.

మొదటి బోర్డు తిరగరాసినాము: హానోవర్, సీల్దా 1908, దమ్‌దమ్ 1928. దేవదూత ప్లేటు వెనక్కి తిప్పి పెడతాం. మూడో పెట్టె ఎదురెదురు వరసలో, మ్యాట్రిక్స్ నంబరు కిందికి వచ్చేట్టు. ఇత్తడి కొమ్ము తలుపు బయటికి పోయింది. ఎల్‌ఈడి పట్టీలు పీకేసినాము, బయటనుంచి వాలు దీపాలు వేస్తాండాము. హెడ్‌ఫోన్ల పాటలు మళ్లీ ఎక్కించాలి, ఎల్‌పి ముల్లుతోనే ఎక్కించినారని తెలిసింది. క్యాసెట్లు వినిపించడం లేదు. ఏడో బల్ల ఒకటి కొత్తగా కలిపినాము: అంచు విరిగిన ప్లేటు రెండు, చేతికిచ్చి పట్టుకోనిస్తాం. బొటనవేలు అంచుకు, మిగతా వేళ్లు లేబులుకు, గాళ్లు తాకకుండా ఎట్ల పట్టుకోవాలో ఒకరు నిలబడి చూపిస్తారు.

#24 మూడు_నిమిషాలు (అనంతపురం)

విరిగిన అంచుకు ఇసుకకాగితం రుద్దండి, పిల్లల వేళ్లు తెగుతాయి. రుద్దేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, లేచేది రాతిపొడి.

#25 సీల్దా_లోకల్ (ప్రొద్దుటూరు)

చూడ్డానికి పోయేవాళ్లు సాయంత్రం ఆరుకు గుంపుతో పాటు పోకండి, మధ్యాహ్నం మూడుకు పోండి. మూడో పెట్టె దగ్గరికి ముందు పోయి, తర్వాత ఒకటో పెట్టెకు రండి. టార్చి ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.